తల్లి పనికి వెళ్ళిన వేళ: శిశు సంరక్షణ కేంద్రాలు, భద్రతా నియమాలు

మన దేశంలో శిశు సంరక్షణ కేంద్రాల కథ చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలతో మొదలవుతుంది. చేలో కలుపు తీసే తల్లి, రోడ్డు పక్కన కంకర కొట్టే తల్లి, కొండవాలులో తేయాకు కోసే తల్లి బిడ్డను ఆ ఉయ్యాలలో పడుకోబెట్టి పనిలోకి దిగేవారు. ఉయ్యాల ఊపడానికి ఏడెనిమిదేళ్ల అక్క ఒకతె ఉండేది. ఆ అక్క బడికి వెళ్లవలసిన వయసులో ఉన్నదన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కారు. చంటిబిడ్డ కాపలాకు అయ్యే ఖర్చు మరో బిడ్డ చదువు నుంచి చెల్లేది. ఇది పూర్తిగా గతించిన విషయమని చెప్పలేము. నిర్మాణ స్థలాలలో, ఇటుక బట్టీల దగ్గర ఆ ఉయ్యాలలు నేటికీ కనిపిస్తాయి.

పని ఫ్యాక్టరీ గోడల లోపలికి చేరినప్పుడు ఆ చెట్టు కూడా లేకుండా పోయింది. బొంబాయి నూలు మిల్లులలో పనిచేసే తల్లులు, తాము తిరిగి వచ్చేవరకు బిడ్డ నిద్రపోయి ఉండాలని నల్లమందు పెట్టే అలవాటు బ్రిటిష్ కాలపు విచారణలలో నమోదై ఉన్నది. కార్మికుల స్థితిగతుల పరిశీలనకు 1929లో నియమితమై, 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ స్త్రీలు ఎక్కువగా పనిచేసే ఫ్యాక్టరీలలో పిల్లల గదులు ఉండాలని సూచించింది. 1934 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ విషయంలో నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షనులో ఇది యజమాని విధిగా మారింది. మొదట యాభై మందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీలకు మాత్రమే వర్తించిన ఈ నిబంధనను 1976లో ముప్పై మందికి మించి ఉన్న వాటికి విస్తరింపజేశారు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. చట్టం వాడిన 'క్రెష్' అనే పదం ఫ్రెంచి భాషది. పశువుల కొట్టంలోని మేత తొట్టి అని దాని మూలార్థం. హిందీలో దీనికి 'పాల్నా' అనీ, 'శిశు గృహ్' అనీ వాడుక ఉన్నది. పాల్నా అంటే ఉయ్యాల. పెంచడం, సాకడం అనే అర్థమూ ఆ మాటకున్నది. హిందీ ప్రతిని తెలుగు చేసేవారికి ఇక్కడ చిన్న చిక్కు ఎదురవుతుంది. ఆ పదాన్ని అలాగే ఉంచితే తెలుగు పాఠకునికి 'పాలన', అంటే కార్యాలయాల వ్యవహారం, స్ఫురిస్తుంది. సంరక్షణ అనే మాట సరిపోతుంది గాని, దానితో ఇంకో తికమక ఉన్నది. దానిని ముందు చూద్దాము.

1948 చట్టం కింద చాలా రాష్ట్రాలు చేసుకున్న నియమావళులు చదవదగినవి. వాటిలోని ప్రతి అంకె వెనుక ఒక పసిబిడ్డ అవసరం ఉన్నది. ఒక్కొక్క బిడ్డకు 20 చదరపు అడుగుల చోటు ఉండాలి. గది ఎత్తు 12 అడుగులకు తగ్గరాదు. పొగ, దుమ్ము, దుర్వాసన వచ్చే చోటికి గాని, యంత్రాల మోత వినిపించే చోటికి గాని దగ్గరగా ఉండరాదు. నేల నుంచి 4 అడుగుల ఎత్తు వరకు గోడలు నున్నగా, నీరు ఇంకకుండా ఉండాలి. ఆ ఎత్తు ఎందుకంటే, పాకే పిల్లలు, నిలబడడం నేర్చుకునే పిల్లలు చేతులు ఆనించేది, నోరు పెట్టేది అంతవరకే. ప్రతి బిడ్డకు ఉయ్యాల లేక మంచం, పరుపు, తువ్వాలు, సబ్బు ఉండాలి. రోజుకు అర పింటు, అంటే పావు లీటరుకు కాస్త ఎక్కువ, స్వచ్ఛమైన పాలు అందాలి. రెండేళ్లు దాటిన వారికి అదనంగా పుష్టికరమైన ఉపాహారం కావాలి. తల్లికి పని మధ్యలో కనీసం పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు బిడ్డకు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. పెద్దపిల్లలు ఆడుకోవడానికి కంచె వేసిన నీడగల ఆరుబయలు ఉండాలి. పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన స్త్రీల చేతిలో ఈ గదులు ఉండాలన్నది చట్టంలోనే ఉన్న మాట.

కాగితం మీద ఇంత శ్రద్ధ ఉన్నప్పటికీ, ఆచరణలో ఒక లోపం మొదటి నుంచీ ఉన్నది. అది గది కొలతలలో లేదు, తలల లెక్కలో ఉన్నది. ఫ్యాక్టరీలో ముప్పై మందికి మించి స్త్రీలు ఉండాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నియమాల ప్రకారం ఇరవై మంది స్త్రీలు, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం యాభై మందికి మించి స్త్రీలు ఉండాలి. గనులలో మాత్రం 1966 నాటి క్రెష్ నియమాల ప్రకారం స్త్రీలు ఎందరున్నా గది ఉండవలసిందే. లెక్కించినది పిల్లలను కాదు, స్త్రీలను. దాని ఫలితం ఊహించడం కష్టం కాదు. ముప్పై ఒకటవ స్త్రీని పనిలోకి తీసుకుంటే గది కట్టాలి, ఆయాను పెట్టాలి, పాలు పోయాలి. ఆ ఖర్చు తప్పించుకోదలచిన యజమాని ముప్పై దగ్గర ఆగిపోవచ్చు, లేదా హాజరు పట్టీలో కొందరి పేర్లు మరో కాంట్రాక్టరు కింద చూపవచ్చు. స్త్రీకి మేలు చేయడానికి పెట్టిన నిబంధన ఆమెకు పని ఇవ్వకపోవడానికి కారణమైతే అది చట్టం చేసినవారు కోరుకున్న ఫలితం కాదు.

పిల్లలనే లెక్కించిన చట్టాలు కూడా లేకపోలేదు. 1951 నాటి తోటల కార్మికుల చట్టం యాభై మంది స్త్రీలున్న తోటలకే గాక, స్త్రీ కార్మికుల పిల్లలు ఇరవై మంది ఉన్న తోటలకు కూడా క్రెష్‌ను విధించింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం రెండవ షెడ్యూలు మరింత సులువైన మార్గం చూపింది. పనిచేసే చోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వస్తే, ఆ స్త్రీలలో ఒకరిని పిల్లలను చూడడానికి నియమించి, ఆమెకు కూలి ఇవ్వాలి. పిల్లలను చూడడం కూడా పనేనని, దానికి కూలి రావాలని అంత సూటిగా చెప్పిన నిబంధన మన చట్టాలలో అరుదు. కర్ణాటక ప్రభుత్వం 2023లో 'కూసిన మనె' పేరుతో గ్రామ పంచాయతీలలో ప్రారంభించిన శిశు కేంద్రాలు ఈ ఆలోచనకు కొనసాగింపు. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ, మనె అంటే ఇల్లు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ లెక్కించే పద్ధతిని మార్చింది. స్త్రీలైనా పురుషులైనా మొత్తం యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ వసతి కల్పించాలి; తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లి రావచ్చు. ఆ తరువాత 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం, తోటల చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం, ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇవన్నీ వాటిలో కలిసిపోయాయి. సామాజిక భద్రతా కోడ్ 67వ సెక్షను యాభై మంది ఉద్యోగుల లెక్కను, నాలుగుసార్ల హక్కును నిలుపుకొన్నది. సంస్థ విడిగా గాని, ఇతరులతో కలిసి ఉమ్మడిగా గాని కేంద్రం నడపవచ్చునని కూడా చెప్పింది.

ఇందులో లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. స్త్రీల సంఖ్యను తక్కువ చేసి చూపడం వల్ల ఇక యజమానికి ఒరిగేది లేదు. ఇది చెప్పుకోదగిన మార్పు. కాని నలభై మంది స్త్రీలు, ఐదుగురు పురుషులు పనిచేసే చిన్న కుట్టు కేంద్రాన్ని తీసుకోండి. అది ఫ్యాక్టరీగా నమోదై ఉంటే పాత చట్టం ప్రకారం దానికి క్రెష్ విధి. యాభై మంది లెక్క ప్రకారం ఆ విధి లేదు. కొద్దిమంది స్త్రీలు పనిచేసే గని విషయమూ అంతే. వారి పిల్లలను మళ్లీ ఉయ్యాలకు, అక్కకు అప్పగించకుండా ఉండాలంటే ప్రభుత్వాలు చేసే నియమాలలోనే దారి చూపాలి. సంఖ్యను నిర్ణయించే అధికారం కొంతవరకు ఆ నియమాలకే వదలబడినది. నాలుగుసార్లు వెళ్లి వచ్చే హక్కు తల్లికే ఉండి తండ్రికి లేకపోవడం మరో విషయం. బిడ్డను చూడవలసినది తల్లి ఒక్కతే అన్న భావన ఈ నిబంధనలో ఇంకా మిగిలి ఉన్నది.

ఇంతవరకు చెప్పినది కేంద్రం పెట్టవలసిన బాధ్యత గురించి. దానికి భిన్నమైన ప్రశ్న ఒకటున్నది: కేంద్రం పెట్టదలచినవారికి అనుమతి ఎవరివ్వాలి? ఈ రెండు విషయాలను పాఠకులు విడివిడిగా గుర్తుంచుకోవాలి. మొదటిది యజమాని మీద విధించే బాధ్యత. రెండవది సమాజం ఇచ్చే లైసెన్సు. మన చట్టాలు మొదటిదాని గురించి ఎనభై ఏళ్లకు పైగా మాట్లాడుతున్నవి. రెండవదాని విషయంలో చాలాకాలం మౌనం వహించినవి. నగరాలలో ఇళ్ల మేడల మీద, అపార్టుమెంట్లలో, ఎవరో ఒకరు నెలకింత రుసుముతో పిల్లలను చూసే కేంద్రాలు వేలాదిగా ఉన్నవి. వీటన్నిటినీ నమోదు చేసి తనిఖీ చేయాలని దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు.

పైన చెప్పిన తికమక ఇక్కడే వస్తుంది. 2015 నాటి బాల న్యాయ చట్టం శిశు సంరక్షణ సంస్థలన్నీ నమోదు కావాలని, లేకుంటే శిక్ష ఉంటుందని చెబుతుంది. ఇది చదివి పగటిపూట పిల్లలను చూసే కేంద్రాలు కూడా అందులోకి వస్తాయని కొందరు అనుకుంటారు. రావు. ఆ చట్టం చెప్పేది అనాథలు, విడిచిపెట్టబడినవారు మొదలైన రక్షణ అవసరమైన పిల్లలు నివసించే గృహాల గురించి. అలాగే జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు రూపొందించిన మార్గదర్శకాలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు సంబంధించినవి. ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ఒక ఆయా ఉండాలని అవి చెబుతాయి. మాట రాని, నడవలేని, తనకు ఏమి జరిగిందో చెప్పుకోలేని మూడేళ్లలోపు బిడ్డే ఈ రెంటి మధ్య జారిపోయే బిడ్డ.

ఈ లోటు కొంత పూడ్చడానికి కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018లో క్రెష్‌లకు జాతీయ కనీస మార్గదర్శకాలు విడుదల చేసింది. మూడేళ్లలోపు పిల్లలు పది మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన కార్యకర్త, ఆమెకు సాయంగా సహాయకురాలు ఉండాలని వాటి సారాంశం. మార్గదర్శకం చట్టం కాదు. అయినా రాష్ట్రాలు లైసెన్సు నియమాలు చేసుకోదలిస్తే ఆధారపడడానికి ఒక పునాది ఏర్పడింది.

పదిమందికి ఒకరు అన్న అంకెను కార్యాలయపు నిష్పత్తిగా గాక, నిప్పు అంటుకున్న గదిని మనసులో ఉంచుకొని చదవాలి. నడక రాని పిల్లలను ఒక మనిషి రెండు చేతుల మీద ఎందరిని మోసుకొని బయటికి రాగలదు? ఇద్దరిని. నడవగలిగిన వారు కూడా పొగలో భయపడి మంచం కిందికి, మూలలకు దూరుతారే గాని తలుపు వైపు రారు. అందుకే శిశు కేంద్రం నేల మీది అంతస్తులో ఉండాలి. బయటికి రెండు దారులు ఉండాలి. ఆ దారులలో బీరువాలు, సైకిళ్లు పెట్టరాదు. కిటికీ ఊచలు తెరుచుకునేలా ఉండాలి. వంట గది వేరుగా, తలుపు వేసి ఉండాలి. ఉయ్యాలలకు చక్రాలు అమర్చి, నలుగురైదుగురు పసివారిని ఒకేసారి తోసుకుపోయే ఏర్పాటు కొన్ని దేశాలలో ఉన్నది; మన వడ్రంగులకు అది కష్టమైన పని కాదు.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల కాలిపోయి 94 మంది పిల్లలు మరణించారు. వంటశాలలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకున్నది. ఇరుకైన మెట్ల దారి పిల్లలను బయటికి రానివ్వలేదు. అది శిశు కేంద్రం కాదు, బడి. కాని అక్కడ విఫలమైన ప్రతి అంశమూ, కప్పు, వంటశాల, మెట్లు, బయటి దారి, శిశు కేంద్రానికి మరింత కఠినంగా వర్తిస్తుంది. 2009లో సుప్రీంకోర్టు అవినాశ్ మెహ్రోత్రా కేసులో తీర్పు చెబుతూ, చదువుకునే హక్కులో సురక్షితమైన బడి కూడా ఇమిడి ఉన్నదని స్పష్టం చేసింది. అగ్నిమాపక పరికరాలు ఉండాలని, వాటిని వాడడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. పరికరం గోడకు వేలాడుతూ ఉండి, దాని పిన్ను ఎలా లాగాలో ఆయాకు తెలియకపోతే అది అలంకారం మాత్రమే.

నిప్పు కంటే నిశ్శబ్దమైన ప్రమాదాలు మరికొన్ని ఉన్నవి. బకెట్టులో జానెడు నీరున్నా పాకే బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు. కాబట్టి స్నానాల గదిలో నీళ్లు నింపి ఉంచరాదు, తలుపు గడియ పెద్దల ఎత్తులో ఉండాలి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. మెత్తటి దిండ్లు, మందపు దుప్పట్లు ముఖానికి అడ్డుపడి ఊపిరి ఆపవచ్చు. ఇది మన ఇళ్ల అలవాటుకు కొంత విరుద్ధమే, అయినా వైద్యులు నేడు చెప్పేది ఇదే. మందులు, ఫినాయిల్ తాళం వేసిన అలమరలో ఉండాలి. మలమూత్రాల గుడ్డ మార్చిన ప్రతిసారీ, అన్నం పెట్టేముందు చేతులు సబ్బుతో కడగాలి. ఒక బిడ్డకు వచ్చిన విరేచనాలు వారం తిరగకుండా కేంద్రమంతటా పాకడానికి ఆయా చేతులే ప్రధాన మార్గం.

మనుషుల వల్ల కలిగే ప్రమాదం గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పవలసి ఉన్నది. సిబ్బందిని నియమించే ముందు వారి పూర్వాపరాలను పోలీసుల ద్వారా ధ్రువపరచుకోవాలి. బిడ్డను సాయంత్రం ఎవరికి అప్పగించవచ్చో తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఆ పేరు లేనివారు మేనమామనని చెప్పినా అప్పగించరాదు. 2012 నాటి లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం ప్రకారం, నేరం జరిగినదని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోవడం శిక్షార్హం. కేంద్రం పరువు పోతుందన్న సాకు చట్టం ముందు నిలవదు.

పొరుగు దేశం బంగ్లాదేశ్ ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందు వేసింది. దుస్తుల ఫ్యాక్టరీలలో లక్షలాది స్త్రీలు పనిచేసే ఆ దేశం 2006 నాటి కార్మిక చట్టంలో నలభై మంది స్త్రీలున్న చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలన్నది. ఆపైన 2021లో శిశు దివా సంరక్షణ కేంద్రాలకే ప్రత్యేకంగా చట్టం చేసి, నమోదు లేకుండా కేంద్రం నడపరాదని నిర్దేశించింది. యజమాని బాధ్యత, లైసెన్సు అనే రెండు దారులూ అక్కడ విడివిడిగా గుర్తింపు పొందినవి.

అయితే లైసెన్సు అనగానే అన్నీ చక్కబడతాయని అనుకోవడానికి లేదు. నిబంధనలు మరీ బరువైతే బస్తీలో పదిమంది పిల్లలను చూసే కేంద్రం మూతపడుతుంది. ఆ పిల్లలు పెద్ద కేంద్రానికి వెళ్లరు, ఇంటికి తాళం వేసి లోపల ఉంచబడతారు. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ ప్రారంభించిన మొబైల్ క్రెషెస్ సంస్థ నిర్మాణ స్థలంలోనే, తల్లుల పని పక్కనే కేంద్రాలు నడిపింది. భవనం పూర్తయి కూలీలు మరో చోటికి కదిలితే కేంద్రమూ కదిలేది. ఇటువంటి కేంద్రాన్ని పక్కా భవనం, ఆటస్థలం వంటి షరతులతో కొలిస్తే ఒక్కటీ నిలవదు. పాలమూరు నుంచి దేశం నలుమూలలకూ వలస వెళ్లిన నిర్మాణ కూలీల పిల్లలకు ఉపయోగపడేది ఇటువంటి కదిలే కేంద్రమే. ఈ రచయిత అభిప్రాయంలో రాజీకి తావులేని నియమాలు కొన్నే ఉండాలి: నిప్పు, నీరు, సిబ్బంది సంఖ్య, సిబ్బంది పూర్వాపరాలు, బిడ్డను అప్పగించే పద్ధతి. మిగిలినవాటికి గడువు ఇవ్వవచ్చు.

ఏ లైసెన్సూ చేరని స్త్రీలు ఇంకెందరో ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు ఎక్కువగా ఇంటి వద్దనే పని చేస్తారు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం క్రెష్‌ను విధించినది పారిశ్రామిక ఆవరణలకు; ఇంటి అరుగు ఆవరణ కాదు. పొగాకు పొడి ఎగిరే ఆ అరుగు మీదనే బిడ్డ పాకుతుంది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీ ప్రతి ఊరికీ వచ్చింది గాని, అది నడిచేది కొద్ది గంటలే. మూడేళ్లలోపు బిడ్డకు అక్కడ ప్రధానంగా అందేది ఇంటికి తీసుకుపోయే పోషకాహారం, రోజంతా కాపలా కాదు. 2022లో మిషన్ శక్తి కింద చేర్చిన 'పాల్నా' పథకం అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలని ఉద్దేశించింది. తల్లి పనిగంటలకు సరిపడేలా తలుపు తెరిచి ఉంచడమే అందులోని అసలు కొత్తదనం.

చివరగా, బిడ్డను కేంద్రంలో చేర్చబోయే తల్లిదండ్రులు లైసెన్సు పత్రం కోసం ఎదురుచూడకుండానే అడగగలిగినవి కొన్ని ఉన్నవి. ఈ వేళ ఎందరు పిల్లలున్నారు, ఎందరు పెద్దలున్నారు అన్నది లెక్కపెట్టి చూడవచ్చు. రెండవ తలుపు ఎక్కడున్నదని అడిగి, అది తెరుచుకుంటుందో లేదో తెరిచి చూడవచ్చు. పిల్లల హాజరు పుస్తకం, దెబ్బలు తగిలినప్పుడు రాసే పుస్తకం చూపమనవచ్చు. ఏడాదిగా ఒక్క గీరు కూడా నమోదు కాని పుస్తకం ఉంటే అక్కడ రాసే అలవాటు లేదని గ్రహించాలి. చెప్పకుండా మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి వెళ్లి రావాలి. ఆ వేళకు లోపలికి రానివ్వని కేంద్రంలో బిడ్డను చేర్చరాదు.